సైకిల్ బెల్లు తాగిన పాలు

తెలంగాణలో ఏ మూల ఎవరికి గుండె పట్టేసినా, ఏ రోడ్డు మీద లారీ తిరగబడినా, 108 కొడితే ఆ ఫోన్ మోగేది మా దేవరయాంజాల్‌లో. మేడ్చల్ రోడ్డు మీద ఉన్న ఆ క్యాంపస్ చిరునామా మా ఊరిదే. ఊళ్లోవాళ్లకే ఇప్పుడు ఈ సంగతి పెద్దగా పట్టదు. కానీ 2005 ఆగస్టు 15న ఆ సేవ మొదలైన కొత్తలో మా హోటల్లో వారాల తరబడి వేరే ముచ్చట లేదు. ముచ్చట అంబులెన్సు గురించి కాదు, నంబరు గురించి.

"నూటెనిమిదే ఎందుకు పెట్టిండ్రు?"

ఈ కొసన పటేల్, ఆ కొసన కాక. పటేల్ సీతారామచంద్రస్వామి గుడి భజన మండలికి పెద్దదిక్కు, ఒకప్పటి ద్రాక్షతోట రైతు. కాక ఊరందరికీ కాకే, ఈసీఐఎల్‌లో టెక్నీషియన్‌గా చేసి అప్పుడప్పుడే రిటైరయ్యాడు. పేర్లు రాయను. ఇద్దరి పిల్లలూ మనుమలూ ఇక్కడే తిరుగుతున్నారు.

"అష్టోత్తరం రా. జపమాలల పూసలెన్ని? ఇరవై ఏడు నక్షత్రాలు, ఒక్కొక్కదానికి నాలుగు పాదాలు, మొత్తం ఎన్ని? సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టినోనికి గూడ శాస్త్రం లేంది పని గాదు" అన్నాడు పటేల్.

"100 పోలీసు, 101 ఫైరు, 102 దవాఖాన బండి. ఆ వరుసల ఖాళీగున్నది తీస్కున్నరు. నీ మాలకూ దానికీ ఏం సంబంధం?" అన్నాడు కాక.

మర్నాడు పటేల్ తరఫున డిగ్రీ చదివే పిల్లగాడొకడు కొత్త అస్త్రం పట్టుకొచ్చాడు. సూర్యుడు మనకు ఎంత దూరంలో ఉన్నాడంటే, సూర్యుడి అడ్డుకొలతకు సరిగ్గా 108 రెట్ల దూరంలోనట. చంద్రుడూ అంతేనట. మన ఋషులకు ఇది ముందే తెలుసట. కాక ఏమీ అనలేదు. గల్లా మీద ఉన్న పేపరు లాక్కుని, దాని అంచున పెన్సిల్‌తో భాగహారం మొదలుపెట్టాడు. సూర్యుడి దూరం 14 కోట్ల 96 లక్షల కిలోమీటర్లు, అడ్డుకొలత 13 లక్షల 92 వేలు. వచ్చింది నూట ఏడున్నర. చంద్రుడి దూరం 3,84,400, అడ్డుకొలత 3,474. వచ్చింది నూట పదిన్నర పైన.

"ఒకటి తక్కువ, ఇంకోటి ఎక్కువ. మీ ఋషి దగ్గర టేపు సరిగ్గ లేనట్టున్నది."

పటేల్ ఛాయ్ సాసర్‌లో పోసుకుని, ఊది, ఒక గుక్క తాగాడు. "రెండు గలిపి సగం జెయ్యి."

కాక చేశాడు. నూట తొమ్మిది వచ్చింది.

"ఒకటి దక్షిణ" అన్నాడు పటేల్.

హోటలంతా గొల్లుమంది. పేపరు నలిపి పడేస్తూ కాక కూడా నవ్వాడు. లెక్క ఆయనదే, గెలుపు మాత్రం పటేల్‌ది. దాదాపు పాతికేళ్లు ఆ బెంచీల మీద జరిగిన వాదనలన్నీ ఇంచుమించు ఇట్లాగే ముగిసేవి.

ఆ హోటల్ ఇప్పుడు లేదు. రేకుల కప్పు, రెండు బెంచీలు, పొద్దున పూరీ, సాయంత్రం మిర్చి బజ్జీ, పొద్దుగూకే దాకా ఛాయ్. గోడకు వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ ఒకటి, ఎరువుల కంపెనీ క్యాలెండర్ ఒకటి. హోటలాయనకు ఏ పక్షమూ లేదు. ఆయన షరతు ఒక్కటే, అరగంటకోసారి ఛాయ్ చెప్పాలి. కాక కిటికీ వైపు, పటేల్ తలుపు వైపు కూర్చునేవారు. వాదన ఆగేది ఒకే ఒక్కందుకు, హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ నుంచి శిక్షణ విమానం మా నెత్తి మీదుగా పోయినప్పుడు. ఆ మోతకు మాట వినపడేది కాదు. ఓడిపోతున్నవాడికి అది వరం, విమానం దాటిపోయేలోగా కొత్త జవాబు తయారయ్యేది.

కాకకు ఆ వరం బాగా అక్కరకొచ్చిన సందర్భం ఒకటి గుర్తుంది. ఆయనకు ఈసీఐఎల్ అంటే ప్రాణం. 1967లో అణుశక్తి శాఖ కింద పుట్టిన కంపెనీ. "బిల్ గేట్స్ మైక్రోసాఫ్ట్ పెట్టింది డెబ్బై అయిదుల. అప్పటికే మా కంపెనీ టీడీసీ-12 కంప్యూటర్ చేసింది. ఎక్కడ? ఇగో, ఈ కుషాయిగూడ పక్కన!" అని నెలకోసారైనా బెంచీ చరిచేవాడు. ఒకరోజు పటేల్ నెమ్మదిగా అడిగాడు, "మరి ఆ కంప్యూటర్ ఇప్పుడు ఎవలింట్ల ఉన్నది కాకా? గేట్సుది మా అల్లుడి ఆఫీసుల ఉన్నది." సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది. విమానం పోయాక కాక హోటలాయనను పంచదార తక్కువైందని తిట్టాడు.

దేవుడు లేడన్న మాట కాక ఎప్పుడు నేర్చాడో నాకు తెలియదు. గోరా స్థాపించిన విజయవాడ నాస్తిక కేంద్రం పుస్తకాలు ఆయన పెట్టెలో ఉండేవి. జనవిజ్ఞాన వేదికవాళ్లు బాబాల మహిమల గుట్టు విప్పే ప్రదర్శన ఎక్కడ పెట్టినా పోయేవాడు. అట్లాంటి మనిషి చేతుల్లోనే గుడి మైక్ సెట్టు ఉండేది. ప్రతి శ్రీరామనవమికీ వారం ముందు యాంప్లిఫయర్ విప్పి, దుమ్ము దులిపి, వదులైన వైర్లకు సోల్డరింగ్ పెట్టేవాడు. దేవుడు లేడనే మనిషి పూనుకోకపోతే దేవుడి పెండ్లి మంత్రాలు ఊరికి వినపడేవి కావు. పైసా తీసుకోడు, ప్రసాదం మాత్రం వదలడు. "పులిహోరకు మతం లేదు" అనేవాడు.

1987లో రామాయణం సీరియల్ మొదలైనప్పుడు మా వాడకట్టులో టీవీ ఉన్నది కాక ఇంట్లోనే, కంపెనీ సొంత ఈసీ టీవీ. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకల్లా నాస్తికుడి వాకిలి నిండిపోయేది. చెప్పులు బయట విడిచి, కాళ్లు కడుక్కుని మరీ లోపలికొచ్చేవారు. రాముడు తెర మీదికి రాగానే ఒకావిడ కర్పూరం వెలిగించేది. కాక మిద్దెక్కి యాంటెనా తిప్పుతూ, "వచ్చిందా? బొమ్మ వచ్చిందా?" అని అరిచేవాడు. కిందికి దిగి ఓసారి అందరి ముందరా అన్నాడు, "మీరు మొక్కేది మా కంపెనీ డబ్బాకు, సమజైందా?" పటేల్ కళ్లు తెర మీంచి తిప్పకుండానే, "నువ్వు రాముడి కోసం మిద్దెక్కినవ్, అది నీకు సమజైందా?" అన్నాడు.

1980 ఫిబ్రవరి 16 సూర్యగ్రహణం నాటికి నేను చిన్నవాణ్ణి. తలుపులేసుకుని ఇంట్లో కూర్చోవడం తప్ప పెద్దగా చెప్పేదేమీ లేదు. ఆ రోజు జాపాల్-రంగాపూర్‌లోని ఉస్మానియా యూనివర్సిటీ అబ్జర్వేటరీ దగ్గర దేశదేశాల శాస్త్రజ్ఞులు సంపూర్ణ గ్రహణం చూస్తుంటే, మా ఊరి వీధుల్లో కుక్కలు, ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన వెల్డింగ్ అద్దం పట్టుకుని కాక, అంతే. ఆయనకు ఏమీ కాలేదన్నది ఊరు ఒప్పుకుంది. "గ్రహణం గూడ ఆయనను జూసి భయపడ్డది" అన్నది పటేల్ వ్యాఖ్య.

అసలు యుద్ధం 1995 సెప్టెంబరు 21న. ఢిల్లీలో వినాయకుడు పాలు తాగుతున్నాడన్న వార్త మధ్యాహ్నానికల్లా మాకూ చేరింది. ఊళ్లో పాలు దొరకలేదు. గుడి దగ్గర చెంబులతో వరస. చెంచా తొండానికి ఆనించగానే పాలు సన్నగా ఇంకిపోవడం నేను కళ్లారా చూశాను, ఒళ్లు జలదరించింది కూడా. సాయంత్రం కాక డ్యూటీ దిగి వచ్చాడు, విన్నాడు, మాట్లాడకుండా సైకిల్‌ను హోటల్ ముందుకు నడిపించుకొచ్చి స్టాండు వేశాడు. చెంచా నిండా పాలు పోయించి, చెంచా అంచును బెల్లు గుండు మీద మెల్లగా ఆనించాడు. పాలు తగ్గాయి. జనం ముందుకు తోసుకొచ్చారు. రెండో చెంచా, మూడో చెంచా. బెల్లు కింద చెయ్యిపెట్టి అరచేయి చూపించాడు, తెల్లగా తడి. పాలకు తలతన్యత ఉంటుందనీ, చెంచా అంచు తడి తగిలిన చోట పాలు ఆ లోహాన్ని అంటుకుని పలుచని పొరగా కిందికి జారిపోతాయనీ, తెల్లటి పాలరాతి మీద అది కనబడదనీ వివరంగా చెప్పాడు. టెక్నీషియన్ చెప్పిన తీరు అది, పిల్లలకు కూడా అర్థమైంది. ఢిల్లీలో ప్రభుత్వ శాస్త్రజ్ఞులు పాలలో రంగు కలిపి ఇదే చూపించారని తర్వాత పేపర్లో చదివాం.

అందరూ పటేల్ వైపు చూశారు. పటేల్ బెల్లు దగ్గరికొచ్చి, దాన్ని ఓసారి ట్రింగుమనిపించి, "స్తంభంల ఉన్నోడు బెల్లుల ఉండడా?" అన్నాడు.

ప్రహ్లాదుడి కథ తెలిసిన ఊళ్లో ఆ మాట మీద ఇంకో మాట ఎట్లా పడుతుంది? తలతన్యత గురించి కాక చెప్పిందంతా నిజమే. ఆ రాత్రి జనం ఇంటికి మోసుకుపోయింది మాత్రం పటేల్ మాటనే. సైన్సు చెప్పేవాళ్లు మా దగ్గర ఎందుకు తరచూ వెనకబడతారో నాకు ఆ రోజే కొంత తెలిసింది. కారణం వాళ్ల దగ్గరుంటే, కథ అవతలివాళ్ల దగ్గర ఉంటుంది.

తర్వాత మూడేళ్లకు ముచ్చట్ల దారి మళ్లింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ లేచింది, మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో కేంద్రం తెరిచింది. మా పిల్లలు అమీర్‌పేట బస్సెక్కడం మొదలుపెట్టారు. ఇంటర్ తప్పినవాడు కూడా ఒరాకిల్, జావా, మెయిన్‌ఫ్రేమ్ అంటూ తిరిగేవాడు. సత్యం పెద్దదా, ఇన్ఫోసిస్ పెద్దదా అని ఎన్టీఆర్, ఏఎన్నార్ అభిమానుల్లాగా జబ్బలు చరుచుకునేవారు. మేం సహజంగా సత్యం పక్షం. దాని పెద్ద క్యాంపస్ దుండిగల్ దారిలో బహదూర్‌పల్లిలోనే ఉండేది మరి.

వైటూకే గండం గురించి కాక హోటల్లో చెప్పిన పాఠం ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ దొరకదు. "జాగ కలిసొస్తదని సంవత్సరానికి రెండంకెలే పెట్టిండ్రు. తొంభై తొమ్మిది తర్వాత సున్నా సున్నా వస్తే మిషన్ పందొమ్మిది వందల సంవత్సరమనుకుంటది. బ్యాంకులు, కరెంటు, అన్ని గడబిడ. అది సరిజేసేటందుకే మన పోరగాండ్లను అమెరికా పిలుస్తున్నది."

పటేల్ పంచాంగం మనిషి. "మావి అరవై ఏండ్లు. ప్రభవ నుంచి అక్షయ దాక, మళ్ల ప్రభవ. వేల ఏండ్ల సంది తిరుగుతనే ఉన్నది. మాకెన్నడు గడబిడ రాలె."

"రాలేదా? మీ తాత ఏ ఏడు పుట్టిండు?"

"ప్రమాదిల."

"ఏ ప్రమాది? ఇప్పుడు నడిచే ప్రమాదా, అరవై ఏండ్ల కిందటిదా, నూట ఇరవై ఏండ్ల కిందటిదా? అదే వైటూకే అంటే."

పటేల్ నోరు మూతపడగా నేను చూసింది ఆ ఒక్కసారే. విమానం కూడా రాలేదు.

ఇదంతా రాస్తుంటే ఆ హోటల్ ఏదో స్వర్గమన్నట్టు వస్తోంది. కాదు. ఆ బెంచీల మీద ఆడవాళ్లు కూర్చోలేదు. దళితవాడ నుంచి వచ్చినవాళ్లు నా చిన్నతనంలో బయట నిలబడే ఛాయ్ తాగి పోయేవారు. ఈ విషయంలో పటేల్‌ను ఏమనను, ఆయన లోకమే అది. తప్పు పట్టేది కాకను. దేవుడు లేడని రుజువు చేయడానికి గంటలు గంటలు ఓపిక ఉన్న మనిషి, ఒక్కనాడు లేచి వాళ్లకు బెంచీ మీద జాగ ఇవ్వలేదు. తొంభైల నడుమ అది కొంత తనంతట తానే మారింది, అంతకంటే ఎక్కువగా ఆ వాడ పిల్లలు చదువుకుని నిలదీయడం వల్ల మారింది. మా హేతువాదానికి అందులో వాటా లేదు.

ఆడవాళ్లలో ఆ వాదనలోకి మొదట దూరింది పటేల్ మనుమరాలే. 108లో ఫోన్లెత్తే ఉద్యోగం దొరికింది. అప్పట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నలుమూలల నుంచీ పిలుపులు ఇక్కడికే. అంబులెన్సు కావాలన్నా, పోలీసు కావాలన్నా, మంటలార్పేవాళ్లు కావాలన్నా అదే నంబరు. బండి నడిపేవాడిని డ్రైవరనరు, పైలట్ అంటారు. ఇవన్నీ ఆ పిల్ల చెబితేనే మాకు తెలిశాయి. ఒక సాయంత్రం తాతను పిలవడానికొచ్చి, గుమ్మంలో నిలబడి వాళ్ల కొట్లాట వింది. 108 సైన్సు గొప్పతనమని కాక, దైవసంకల్పమని పటేల్.

"మీ ఇద్దరికీ తెల్వని సంగతి చెప్పాల్నా తాతా? ఫోన్ ఎత్తంగనే మేమడిగేది, ఏమైంది, ఎక్కడున్నరు అని. ఎక్కడ అంటే పల్లెటూరోళ్లు వీధి పేరు చెప్పరు, ఇంటి నంబరు అసలే చెప్పరు. హనుమాన్ల గుడెన్క, దర్గ ముంగట, చర్చి పక్క గల్లీ అంటరు. మేం ఆ గుర్తుల మీదనే బండిని తోలిస్తం."

కాక నవ్వు ఆపుకోలేకపోయాడు. "అయితే దేవుడు లేకున్నా గుడి ఉండాలె."

"దేవుడు ల్యాండ్‌మార్కన్నమాట" అన్నాడు ఎవరో వెనక నుంచి.

పటేల్ మాత్రం మనుమరాలి జీతం మీద, దాన్నిచ్చే కంపెనీ మీద పొంగిపోయి ఉన్నాడు. పెట్టినాయన పేరేందని అడిగితే కాక చెప్పాడు, సత్యం ఛైర్మన్ రామలింగరాజు. "చూసినవా, రాముడున్నడు, లింగడున్నడు. ఇగ ఆగుతదా!"

2009 జనవరి 7 దాకా ఆగలేదు. ఆ రోజు హోటల్ టీవీ ముందు నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. సత్యం లెక్కల్లో చూపించిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఛైర్మనే ఉత్తరం రాశాడు. నాలుగు నెలల కిందట కార్పొరేట్ గవర్నెన్స్ బాగుందని బంగారు నెమలి అవార్డు అందుకున్న కంపెనీ అది. షేరు ఆ ఒక్కరోజులో నాలుగింట మూడొంతులకు పైగా కూలింది. బహదూర్‌పల్లికి పోయే పిల్లల ముఖాల్లో నెత్తురు లేదు.

సాయంత్రం పటేల్ నెమ్మదిగా మొదలుపెట్టాడు. "కాకా, దేవుణ్ణి చూపెట్టు, అప్పుడు నమ్ముత అంటవు గదా ఎప్పుడు. అయిదువేల కోట్లు బ్యాంకుల ఉన్నయంటే చూడకుంటనే నమ్మితిరి."

"నమ్మింది నేను గాదు, ఆడిటర్లు. అయినా అబద్ధపు లెక్క ఏదో ఒకనాడు బయటపడ్తది. లెక్క గుణమే అది."

"లెక్క యాడ పట్టింది? ఆయన ఒప్పుకుంటే తెలిసె. పాపభయం రా అది."

"పాపభయం గాదు. మేటాస్ కంపెనీలు కొని బొంద పూడ్సుదామని డిసెంబర్ల జూసిండు. వాటాదార్లు అడ్డంబడ్డరు. దారి లేక రాసిండు."

ఇద్దరి మాటలోనూ పస ఉంది, ఆ రోజు ఎవరూ నవ్వలేదు. ఊరి దిగులల్లా 108 గురించి, బండ్లు నిలిచిపోతాయా, మనుమరాలి ఉద్యోగం పోతుందా అని. బండ్లు నిలవలేదు. అదే ఏడు ఆ సంస్థ బాధ్యత జీవీకే తీసుకుంది. సత్యం టెక్ మహీంద్రా చేతికి పోయింది. 2015లో రాజుకు ఏడేళ్ల శిక్ష పడింది. బహదూర్‌పల్లి క్యాంపస్‌లో ఇప్పుడు మహీంద్రా యూనివర్సిటీ నడుస్తోంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ పోయి, ధర్మానికి పెట్టిన అంబులెన్సు నిలవడం గురించి ఇద్దరూ ఎవరి పద్ధతిలో వాళ్లు చాలా రోజులు మాట్లాడారు. నా మటుకు నాకు అందులో దైవలీల కనబడలేదు. ప్రభుత్వం డబ్బిచ్చేది, జనానికి అవసరం పడింది, అందుకే నిలిచింది.

2010లో శ్రీహరికోట నుంచి వదిలిన జీఎస్ఎల్‌వీ రెండుసార్లు విఫలమైనప్పుడు కాకకు ఇంకో అవకాశం దొరికింది, ప్రయోగానికి ముందు ఇస్రో సార్లు తిరుపతి పోయి రాకెట్ నమూనా స్వామి ముందు పెట్టి మొక్కుతారు కదా. అప్పటికి హోటల్లో జనం పలుచబడ్డారు. పొలాలు అమ్మిన డబ్బులతో కొందరు సిటీకి పోయారు, కొందరు కార్లు కొన్నారు. కార్లు కొన్నవాళ్లు బెంచీ మీద కూర్చోరు.

మా ప్రాంతమంతా ఒకప్పుడు ద్రాక్ష పందిళ్లే. మేడ్చల్, శామీర్‌పేట దారుల్లో అనాబ్-ఎ-షాహి గుత్తులు లారీలకెత్తేవారు. బోర్లు ఎండాయి, భూమి ధర పండు ధరను మింగేసింది, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, పందిళ్ల జాగాలో గోడౌన్లు లేచాయి. ఆ గోడౌన్లలో కొన్ని గుడి భూముల్లో ఉన్నాయన్న వివాదం మీద 2021 మేలో ప్రభుత్వం నలుగురు ఐఏఎస్ అధికారులతో కమిటీ వేసింది. వివాదంలో ఉన్నది 1,500 ఎకరాలకు పైగా. దేవుడి భూమని ఒక పక్షం, పట్టాభూమని ఇంకో పక్షం. "దేవుడున్నడో లేడో నాకు తెల్వదు గాని, ఆయన పేర భూమి మాత్రం ఉన్నది" అన్నాడు కాక. ఆ మాటకు జవాబిచ్చే మనిషి లేడు. పటేల్ అంతకు అయిదేళ్ల ముందే పోయాడు. హోటల్ అంతకుముందే మూతపడి, ఆ జాగాలో సిమెంటు, ఐరన్ దుకాణం వెలిసింది.

2020 నవంబరు 28న ప్రధాని హకీంపేటలో దిగి, తుర్కపల్లి దిక్కున జీనోమ్ వ్యాలీలో ఉన్న భారత్ బయోటెక్‌కు కోవాగ్జిన్ చూడ్డానికి వచ్చినప్పుడు కాక మిద్దె మీద కుర్చీ వేసుకుని ఆకాశం చూశాడు. పక్కన నేను. "పటేలుంటే, పళ్లాలు కొట్టినందుకే టీకా వచ్చింది అనేటోడు" అని తనే నవ్వుకున్నాడు. తర్వాత, ఆ మాటకు తానేం జవాబు చెప్పేవాడో అది కూడా చెప్పాడు, పావుగంట పాటు.

ఇప్పుడు మా ఊరి ఫోన్లలోనూ ఇవే వాదనలు. ఋషులకు అన్నీ తెలుసని ఒకడు, దేవుణ్ణి నమ్మేవాళ్లంతా మూర్ఖులని ఇంకొకడు, ఏ కంపెనీ గొప్పదని మరొకడు. అందులో ఎవరూ పేపరు అంచున భాగహారం చేయరు, దక్షిణ అడగరు. తిట్టుకుని గ్రూపు నుంచి పోతారు. కాకకూ పటేల్‌కూ పోవడానికి ఇంకో హోటల్ లేదు. నవమి వస్తే మైక్ బాగుచేయించాలి, ఆదివారమొస్తే టీవీ చూడాలి. అందుకే మాటను ఎంత దూరం విసరాలో ఇద్దరికీ తెలిసేది.

పాతికేళ్ల వాదనలో ఎవరు గెలిచారని నన్నడిగితే, విషయంలో దాదాపు ప్రతిసారీ కాకదే నిజం. పాలు జారాయి, గ్రహణం ఎవరినీ కాటేయలేదు, సూర్యుడు నూట ఏడున్నర దగ్గరే ఉన్నాడు. మాటలో మాత్రం పటేల్‌ను మించినవాణ్ణి నేను చూడలేదు. మీ ఊళ్లో ఇట్లాంటి జోడీ ఇంకా మిగిలి ఉంటే, వాళ్ల దగ్గర ఓ సాయంత్రం కూర్చోండి. మధ్యలో తీర్పు చెప్పకండి. ఛాయ్ పైసలు మీరే కట్టండి.